ఎత్తి తాగిన నీళ్లు

నాకు రోత తొందరగా పుడుతుంది. మా అమ్మ దీన్ని శుభ్రత అనుకుని మురిసిపోయేది, చుట్టాలకు చెప్పుకునేది. బంతిలో పక్కవాడు చారు జుర్రితే నాకు ముద్ద దిగదు. ఎవరో తల ఆనించి ఆనించి గోడ మీద వదిలిన నూనె మరక, లేచి వెళ్లినవాడి వెచ్చదనం ఇంకా ఆరని బస్సు సీటు, బొటనవేలు ముంచి తెచ్చిన మంచినీళ్ల గ్లాసు, ఇవి చూస్తే ఈ వయసులో కూడా కడుపులో దేవుతుంది. మా ఆవిడ చాలా ఏళ్లు భరించి, మీతో పెళ్లికి వెళ్లేకంటే ఇంట్లో పచ్చడి మెతుకులు నయం అని చివరికి రావడం మానేసింది.

ఇంత రోత గలవాణ్ని, హైదరాబాద్‌లో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఎల్బీనగర్ చౌరస్తా మీదుగానే తిరిగాను. వనస్థలిపురంలో ఇళ్లు కట్టుకున్న తొలి వాళ్లలో మేమూ ఉన్నాం. బస్సు ఆ చౌరస్తాలో ఆగగానే నేను పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకునేవాణ్ని. ఇప్పుడక్కడ పైన మెట్రో, పక్కన ఫ్లైఓవరు, దాని నీడలో చెరుకు రసం బళ్లు, వాటి మీద ఈగలు. ఈగలు చూడలేక మొహం తిప్పుకుంటానని ఇంట్లో అనుకుంటారు. అనుకోనిచ్చాను.

అసలు కారణం అరవై తొమ్మిదిలో ఒక పగలు. అది ఈ ఊళ్లో నా ఆఖరి రోజు. మళ్లీ ఉద్యోగం మీద వచ్చేదాకా ఆఖరి రోజే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ చదివి, కృష్ణా జిల్లాలో మా నాన్న చూపించిన గుమాస్తా ఉద్యోగం కాదని, పాత సామాన్ల బజారులో దొరికిన మిలిటరీ సంచి వీపున తగిలించుకుని దేశం మీద పడ్డాను. కాశీ చూశాను. రక్సౌల్ దగ్గర నేపాల్‌లోకి నడిచి వెళ్లి, నడిచి వచ్చాను. నువ్వెవరివని ఒక్కడూ అడగలేదు. దాంతో నాకు సరిహద్దులు లేవని, ఊరూ కులమూ లేవని అందరికీ చెప్పేవాణ్ని. రైల్లో ఎదురు సీటువాళ్లు నోరు తెరుచుకుని వినేవాళ్లు. సంచికి ఒక పక్కన తాడుతో సత్తు గ్లాసు ఒకటి వేలాడుతుండేది. నడుస్తుంటే టంగుటంగుమనేది. బాటసారికి తన గ్లాసు తనకుండాలి అనేవాణ్ని. అదేదో పెద్ద తత్వమన్నట్టు వాళ్లు తలలూపేవాళ్లు.

ఆ తిరుగుడులో హైదరాబాద్ వచ్చాను. వారం ఉందామనుకున్నవాణ్ని రెండు నెలలు ఉండిపోయాను. దిల్‌సుఖ్‌నగర్ అప్పుడు ఊరి చివర. బెజవాడ రోడ్డు మీద నాలుగు దుకాణాలు, ఒక ఇరానీ హోటలు, వెనక పొలాలు, అక్కడక్కడ పెంకుటిళ్లు. అలాంటి ఒక పెంకుటింట్లో ముందు గది కిరాయికి తీసుకున్నాను. ఇంటావిడ దవాఖానలో ఆయా. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవులు. ముప్పై అయిదేళ్లుంటాయేమో, మొగుడు పోయాడు, పిల్లలు లేరు, తల్లిని దగ్గర పెట్టుకుని ఉండేది. మొదటి రోజే నన్ను తమ్మీ అంది. నేను అక్కా అన్నాను. అనడానికేం, నోటికి ఖర్చు లేదు.

ఆ ఇంట్లో రోతకు కరువు లేదు. ముసలమ్మ చుట్ట కాల్చి వసారా మూలనే ఉమ్మేది. పక్కన కోళ్ల గంప. అక్క ఒంటి మీద ఎప్పుడూ ఫినాయిల్ వాసన. ఆమె కట్టుకున్న చీరతోనే రాత్రి డ్యూటీ చేసి వచ్చి, అదే చీరతో పొయ్యి ముందు కూర్చుంటే నేను గోడ మీద యేసు కేలండరులో గొర్రెల్ని లెక్కపెడుతూ ఉండేవాణ్ని. అయినా ఆమె వండింది తినేవాణ్ని. పచ్చిపులుసు, జొన్నరొట్టె, ఎండు మిరపకాయల తొక్కు. ఆకలి ముందు మా తాతగారి మడి చాలా వరకు ఓడిపోయింది. కానీ నా కంచంలోనే తినేవాణ్ని. నా గ్లాసుతోనే తాగేవాణ్ని. రెండూ నేనే తోముకునేవాణ్ని.

నేను తోమి పెట్టిన గ్లాసును ఆమె ముట్టేది కాదు. గోడలో ఒక గూడు ఖాళీ చేసి, కడిగి, అందులో పాత పేపరు ముక్క పరిచి, నీ గ్లాసు గీడ పెట్టుకో తమ్మీ అని చూపించింది. ఆ గూట్లో మరింకేమీ పెట్టేది కాదు. అది నాకిచ్చిన మర్యాద అనుకున్నాను. రెండు నెలలు అలాగే అనుకున్నాను. డిగ్రీ చదివినవాణ్ని.

ఇంకోటి కూడా చెప్పాలి. పొద్దున్నే ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాణ్ని. బల్ల మీద ఈగలు, కప్పు అంచున ఎవరి పెదాల గుర్తో. పనివాడు కప్పుల్ని ఒక మురికి నీళ్ల బకెట్లో ముంచి తీసేవాడు, అదే కడగడం. ఆ కప్పులో చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ హాయిగా తాగేవాణ్ని. రోత పుట్టలేదు. ఎందుకు పుట్టలేదని ఒక్కరోజూ అనిపించలేదు. రాత్రి డ్యూటీ దిగి వస్తూ అక్క అటువైపు నుంచే నడిచేది. ఒక్కోసారి నన్ను చూసి నవ్వి, చెయ్యి ఊపి పోయేది.

ఎండలు ముదిరేసరికి ప్రత్యేక తెలంగాణ గొడవలూ ముదిరాయి. స్కూళ్లు మూశారు. బస్సులు ఒకరోజు తిరిగితే రెండు రోజులు లేవు. మూసారాంబాగ్ వంతెన దగ్గర పోలీసులు లాఠీలు పట్టుకుని నిలబడేవాళ్లు. గోడల మీద తారుతో రాతలు. ఆంధ్రావాళ్లు మీ ఊళ్లకు మీరు పోండి అని. వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదని నాకు తెలుసు. మా వైపు నుంచి వచ్చి, ఇక్కడివాళ్లమని దొంగ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు కొట్టేసినవాళ్లు నాకు చుట్టాల్లోనే ఉన్నారు. ఆ సంగతి తెలిసీ, రోడ్డు మీద కాలిన టైర్ల కంపు వస్తే మాత్రం ఛీ వీళ్లూ ఒక మనుషులేనా అనుకునేవాణ్ని. ఒకే రాష్ట్రం, ఒకే భాష. కోదాడ దాటాక ఉన్నది జిల్లా గీత మాత్రమే. ఆ ఏడాది అదే సరిహద్దు అయి కూర్చుంది.

ఆ రోజు పొద్దున అక్క డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా నా గది గుమ్మంలో నిలబడింది.

"తమ్మీ, ఇగ నువ్వు పోవాలె. ఇయ్యాల్నే పోవాలె."

ఏమైందని అడిగాను.

"మీ ఇంట్ల ఉన్న పిలగాడు ఎవరు, ఏ ఊరు అని నిన్న పక్కింటోళ్లు అడిగిన్రు. ఇయ్యాల దవాఖాన కాడ గూడ అడిగిన్రు. మా తమ్ముడే అని చెప్పిన. ఆంధ్రోణ్ని ఇంట్ల దాసిపెట్టిందని తెలిస్తే, నాకు గీ కిరాయి ఇల్లు ఉండది, గీ వాడ కూడ ఉండది. అమ్మను తీస్కోని ఏడికి పోత?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. నా మూలంగా ఆమెకు ఇల్లు పోతుంది, అంతే సంగతి. అలాంటప్పుడు మనిషన్నవాడికి ముందు ఏమనిపించాలి? నాకు మాత్రం నాకేమవుతుందోనని భయం వేసింది.

"నేనే వెళ్లిపోతాను అక్కా. మీరు కంగారు పడకండి. బస్సు దొరక్కపోతే నడిచైనా పోతాను," అన్నాను.

"గీ మాటతోని పోతవా?" అంది. "నోరు తెరిస్తే దొరుకుతవ్. ఆ సంచి చూస్తె దొరుకుతవ్. నేనొస్త నీతోని. ఆడమనిషి పక్కన ఉంటె ఎవ్వరు ఎక్వ అడగరు. నువ్వు మాత్రం నోరు మూస్కో."

ఉపాయం అంతా ఆమెదే. మా ఊరోడొకడు లారీ మీద క్లీనర్ ఉన్నడు, పచ్చి తోళ్లు వేసుకుని మద్రాసు పోతది ఆ లారీ, మధ్యాహ్నం చౌరస్తా కాడ ఆగుతది, మాట్లాడిన అంది. తోళ్ల లారీ ఎందుకక్కా అని అడిగాను. "గా వాసనకే అందరు దూరం పోతరు. లోపల ఎవ్వరు చూడరు," అంది. నాకు విన్నప్పుడే వాంతి వచ్చినంత పనైంది. కానీ నోరెత్తలేదు. ఏరు దాటాలి గదా.

నాకు పన్ను వాచిందని చెప్పాలన్నది ఇంకో ఉపాయం. ముసలమ్మ తన తమలపాకుల డబ్బీలోంచి సున్నం తీసి, పసుపు కలిపి, బొటనవేలితో నూరి, ఆ ఎర్రటి ముద్దను నా దవడకు పూసింది. అంతకు ముందే ఆ బొటనవేలితో చుట్ట నుసి దులపడం చూశాను. కళ్లు మూసుకున్నాను. పైన పాత పంచె ముక్క గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి తెచ్చి ముడి వేసింది. "అచ్చం మా ఇంటి పొల్లగాని లెక్క ఉన్నడు," అని బోసినోటితో నవ్వింది. నవ్వలేకపోయాను. మెడ మీద సున్నం కారుతోంది.

బయల్దేరే ముందు అక్క నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "ప్రభువా, గీ పిల్లగాణ్ని ఆల్ల అమ్మకాడికి పైలంగ చేర్చు," అంది. ఇంకా ఏదో చాలాసేపు అంది, నేను వినలేదు. నా జుట్టుకు ఫినాయిల్ అంటుతుందని, చెయ్యి ఎప్పుడు తీస్తుందా అని చూస్తున్నాను. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

నా సంచి దాచాలి కాబట్టి దాన్ని పాత దుప్పట్లో మూటగట్టింది. గ్లాసు తాడు విప్పి లోపల పెట్టాను. మూట నేను మోస్తానంటే ఒప్పుకోలేదు. "పన్ను నొప్పోడు మూట మోస్తడా?" అని తన నెత్తి మీద పెట్టుకుంది. ఒక చేతిలో తన గుడ్డసంచి. అందులో దవాఖాన నుంచి తెచ్చుకున్న గాజు సీసా నిండా నీళ్లు, ఒక స్టీలు గ్లాసు. రబ్బరు బిరడా పెట్టిన ఆ సీసాలో ఇదివరకు ఏ మందు ఉండేదో, ఎవడి ఒంట్లోకి ఎక్కిందో అని నాకు అనుమానం. రాత్రంతా నిద్ర లేని ఆడమనిషి నా బరువు నెత్తిన పెట్టుకుని నా ముందు నడుస్తుంటే నేను సీసా గురించి ఆలోచిస్తున్నాను. పైగా ఈ ప్రయాణంలో భుజాలు తేలిగ్గా ఉన్నాయని సంతోషించాను కూడా.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆ చౌరస్తాకు కోసు దూరం పైనే. అప్పటికి దానికి ఎల్బీనగర్ అన్న పేరు నేను వినలేదు. లారీలు ఆగే జాగా అనేవాళ్లు. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. సోడాసీసాల పెంకులు, కాలిన టైర్ల తీగచుట్టలు, ఒకచోట ఉబ్బిపోయిన కుక్క. దుకాణాల తలుపులు సగం వేసి లోపలి నుంచి చూస్తున్నారు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోకుండా ఆమె ఆ కుక్క పక్క నుంచే నడిచింది. నేను రోడ్డు అవతలికి దాటి, మళ్లీ ఇవతలికి వచ్చాను.

మధ్యలో ఒకచోట ఆగి, "నీళ్లు తాగుతవా తమ్మీ?" అని అడిగింది. గొంతు ఆరిపోయి ఉంది. దాహం లేదన్నాను. ఆమె నా వంక ఒక క్షణం చూసి, తనూ తాగకుండానే మూట సర్దుకుని నడిచింది.

చౌరస్తాలో రెండు చాయ్ హోటళ్లు, పశువుల నీళ్లతొట్టి, ఒక చింతచెట్టు. తోళ్ల లారీ నిజంగానే ఉంది. దాని కంటే ముందు కంపు ఎదురొచ్చింది. లారీకి కొంచెం ఇవతల రోడ్డుకు అడ్డంగా రాళ్లు, డ్రమ్ములు పెట్టి ఏడెనిమిది మంది కాలేజీ పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడు పెద్దలాగా ఉన్నాడు, సన్నటి గడ్డం, చేతులు మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా. గట్టిగా మాట్లాడటం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఏడికి పోతున్నరక్కా?" అన్నాడు.

"మా ఊరికి. మా తమ్మునికి పన్ను వాచింది. ఊర్ల ముసలాయన మంత్రమేస్తడు. గా లారీల పంపుదమని."

వాడు ఆమె చీర చూసి దవాఖాన మనిషని పోల్చుకున్నాడు. "దవాఖానల పని జేస్తవ్, తమ్మున్ని మంత్రానికి పంపుతున్నవా?"

"దవాఖానల పళ్ల డాక్టరు ఆంధ్రాయన బిడ్డా. మీకు భయపడి ఆయన పోయి పది రోజులాయె. ఇగ మంత్రమే దిక్కు," అంది.

పిల్లలంతా నవ్వారు. గడ్డం పిల్లాడూ నవ్వాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. వాడు నా దగ్గరికి వచ్చి దవడ మీది సున్నం చూసి, "బగ్గ వాచినట్టుంది గదనే," అని నిజంగానే జాలిపడ్డాడు. "జర నీడకు కూసోనియ్యక్కా. లారీ పోయేటాళ్లకు ఇంక టైముంది. నీళ్లు తాగించు, పానం పోయినట్టున్నడు."

అప్పుడు అక్క మూట దించి, సంచిలోంచి సీసా తీసి, గ్లాసు నిండా నీళ్లు పోసింది. పోసి, నా చేతికి ఇవ్వలేదు. ముందు తను తాగింది. గ్లాసు అంచుకు పెదవులు ఆనించి, సగం దాకా, చప్పుడయ్యేలా తాగింది. ఆ సగం గ్లాసు నాకు అందించి, "తాగు తమ్మీ," అంది.

ఎందుకలా చేసిందో నాకు అప్పుడే తెలుసు. తెలియలేదని చెప్పుకుంటే ఈ రాత ఎందుకు? ఒక అక్క తన ఎంగిలి గ్లాసు తమ్ముడికి ఇస్తే, వాడు అది తీసుకుని తాగితే, ఇంక ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. వాళ్లు చూస్తున్నారు. ఆమె ఇల్లూ, వాడా, ముసలమ్మా అంతా ఆ సగం గ్లాసులో ఉంది. నేను చెయ్యాల్సింది నోటికి ఆనించుకుని రెండు గుక్కలు మింగడం.

గ్లాసు తీసుకున్నాను. అంచు మీద తడి కనిపించింది. నా చెయ్యి నన్ను అడక్కుండా చొక్కా కొస పట్టుకుని ఆ అంచు తుడిచింది. తల వెనక్కి వాల్చి, గ్లాసు జానెడు ఎత్తు ఎత్తి, నీళ్లు నోట్లోకి పోసుకున్నాను. ఒక్క చుక్క కింద పడలేదు. ఎలా పడుతుంది, మా ఇంట్లో ఐదేళ్ల పిల్లల దగ్గర నుంచి అందరికీ అదే అలవాటు. దవడ వాచినవాడు తల ఎత్తి నోరంతా తెరిచి పోసుకోడన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

తల దించేసరికి అందరి కళ్లూ నా చేతిలో గ్లాసు మీదే ఉన్నాయి.

"అక్కా," అన్నాడు గడ్డం పిల్లాడు. "గీయన ఎవరు?"

"చెప్పిన గద. నా తమ్ముడు."

"తోడబుట్టినోడు అక్క గ్లాసు తుడిచి తాగుతడా? ఎత్తి పోస్కుంటడా?"

అక్క నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. నా వైపు చూడలేదు. వాడి కళ్లలోకే చూస్తూ చెప్పింది.

"సదువుకున్నడు బిడ్డా. మావోళ్లల్ల సదువుకున్నోడు గట్లనే అయితడు. ఇంట్లోళ్ల గ్లాసు అసయ్యమైతది."

ఎంత అబద్ధమో అంత నిజం. వాడు నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. వాడికి మొత్తం అర్థమైంది. నేనెవరినో, ఎటు వైపు వాణ్నో, ఆ ఇంట్లో రెండు నెలలు ఎలా ఉన్నానో అంతా. పక్కనున్నవాడొకడు నా చొక్కా పట్టుకోబోయాడు.

"ముట్టకు," అన్నాడు గడ్డం పిల్లాడు. "ఎవ్వరు ముట్టకుండ్రి వాన్ని. చేతులు కరాబైతయ్."

వాళ్లు రెండు పక్కలకూ జరిగారు. దూరంగా జరిగారు, నా గాలి తగలకుండా. మధ్యలో దారి వదిలారు. కొడతారేమో అనుకున్నాను. కొట్టి ఉంటే ఎంత బాగుండేదో ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. అప్పటిదాకా లోకంలో రోత పడేది నేను, రోత పుట్టించేది మిగతా అందరూ. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. నాకు నా నలుపు ఏడెనిమిది జతల కళ్లలో ఒకేసారి కనిపించింది.

వాడు ఆమెతో మాత్రం మెత్తగా అన్నాడు. "నువ్వు ఇంటికి పో అక్కా. నిన్ను ఎవ్వరేం అనరు. నేను చెప్త. మా అమ్మ గూడ పెద్దోళ్ల ఇండ్లల్ల గిన్నెలు తోమింది. ఆల్లు గూడ గిట్లనే ఎత్తి తాగుతుండిరి."

ఆమె మూట తెచ్చి లారీ చక్రం దగ్గర పెట్టింది. క్లీనర్ దాన్ని పైకి విసిరాడు. నేను ఎక్కబోతూ ఏదో ఒకటి అనాలని, "అక్కా, నేను కావాలని కాదు, అలవాటు," అన్నాను. అన్నాక ఆ మాట ఇంకా రోతగా ఉంది.

"హోటల్ల మంది తాగిన కప్పుల తాగుతవ్ గద తమ్మీ," అంది. "దినాం చూస్తనే ఉన్న."

గట్టిగా అనలేదు. తప్పు పట్టినట్టు కూడా అనలేదు. వెంటనే, "పో. పైలం," అంది.

తోళ్ల కట్టల మీద కూర్చుని వచ్చాను. కింద ఉప్పు నీళ్లు, రక్తం కలిసి ఊరుతున్నాయి. ఈగలు నా దవడ మీది పసుపు మీద వాలుతున్నాయి. సూర్యాపేట దాటినా కట్టు విప్పలేదు. చిత్రమేమిటంటే ఆ ప్రయాణంలో నాకు ఒక్కసారి కూడా డోకు రాలేదు.

సాయంత్రం గీత దాటాం. జగ్గయ్యపేట ఇంకా రాకముందే రోడ్డు పక్కన ఒక హోటలు దగ్గర దింపారు. మా వైపు వాళ్లు పాతికమంది దాకా అక్కడ చేరి వచ్చేవాళ్లను కథలడుగుతున్నారు. నా అవతారం చూసి కుర్చీ వేశారు. వేడి ఉప్మా పెట్టారు, కాఫీ తెప్పించారు. "కొట్టారా బాబూ? ఏం చేశారు ఆ రాక్షసులు?" అని చుట్టూ మూగారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. నేను నోరు తెరిచాను. నా దవడ వాళ్లు కొడితే వాచిందని చెప్పాను. ఏడెనిమిది మంది రాళ్లతో చుట్టుముట్టారని, చొక్కా పట్టుకుని లాగారని, దూకి లారీ ఎక్కి తప్పించుకున్నానని చెప్పాను. ఒక పెద్దాయన కళ్లొత్తుకున్నాడు. అక్క సంగతి చెప్పలేదు. ఆ కథలో ఆడమనిషే లేదు.

ఇంటికెళ్లాక అమ్మకూ అదే చెప్పాను. పెళ్లయ్యాక మా ఆవిడకూ అదే. ఎన్నో ఏళ్లు పెళ్లిళ్లలో, ఆఫీసు క్యాంటీన్లో ఆ కథ చెప్పాను, ప్రతిసారీ ఒక దెబ్బ ఎక్కువ తిన్నాను. ఈ ఊరికే బదిలీ మీద వచ్చి, ఆ రోడ్డు మీదే ఇల్లు కట్టుకుని, ఆ పెంకుటింటి వైపు ఒక్కసారి కూడా వెళ్లలేదు. మొదట్లో ఆమె అక్కడే ఉండి ఉంటుందని వెళ్లలేదు. తర్వాత, ఉండదులే అని వెళ్లలేదు.

నేను ఎవరికీ చెప్పనిది ఇంకొకటి ఉంది. పేపరు అడ్డం పెట్టుకునేది దాని కోసమే. లారీ కదిలాక తోళ్ల మీద నుంచి వెనక్కి తిరిగి చూశాను. చెయ్యి ఊపుతుందేమోనని చూశాను. ఆమె రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని ఉంది. గ్లాసులో గుప్పెడు మట్టి వేసి, లోపల వేలు పెట్టి తిప్పి తిప్పి తోముతోంది. తర్వాత అంచు చుట్టూ తోమింది. సీసాలోని నీళ్లు పోసి కడిగింది. ఎండకు ఎత్తి చూసుకుంది. చాలలేదేమో, మళ్లీ మట్టి వేసింది.

నా పెదవి దానికి తగలనే లేదు.